రెండు వందల పద్నాలుగో నంబరు

ఆ రోజు పొద్దున కుర్చీల ఫ్యాక్టరీ యజమాని వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, ఫ్యాక్టరీకి వెళ్లడం, భోజనం వేళకల్లా గోదాములో సరుకు లెక్క పూర్తి చేయించుకోవడం, సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు చాపుకుని పడుకోవడం. మర్నాడు ఒక పెద్దమనిషి వస్తాడు, లెక్క చూస్తాడు. నచ్చితే పెట్టుబడి పెట్టి భాగస్వామి అవుతాడు. నచ్చకపోతే నెలాఖరుకి ఫ్యాక్టరీకి తాళం పడుతుంది. ఇందులో కంగారు పడాల్సిందేమీ లేదని అద్దంలో తనకు తానే ధైర్యం చెప్పుకుని, చొక్కా బొత్తాలు ఒకదాని కన్నంలో ఇంకొకటి పెట్టుకుని ఆయన బయల్దేరాడు.

తాళం పడితే నష్టపోయేది తానొక్కడే అయితే ఆయన అంత గాభరా పడేవాడు కాదు. కిందటి ఏడాది గిరాకీ పడిపోయినప్పుడు వడ్రంగులు, కుట్టుపనివాళ్లు, రంగులు వేసేవాళ్లు అందరూ కట్టకట్టుకుని ఆఫీసు గదిలోకి వచ్చారు. జీతం పెంచమంటారేమోనని ఆయన బిక్కచచ్చి కూర్చుంటే, "కొన్నాళ్లు సగం జీతమే ఇవ్వండి. మాలో ఎవర్నీ తీసెయ్యకండి, అంతే" అని చెప్పి, జవాబు కోసం కూడా ఆగకుండా పనిలోకి వెళ్లిపోయారు. ఆనాటి నుంచి వాళ్లు ఎదురైనప్పుడల్లా ఆయన చూపు నేల మీదికి పోయేది. ఫ్యాక్టరీ నిలబడితేనే ఆయన వాళ్ల ముందు తలెత్తుకోగలడు.

పెద్దమనిషితో మొదటి మాటలు ఫోనులో బాగానే సాగాయి. చివర్లో ఆయన, "మీ లెక్కలు ఎవరు చూస్తారు?" అని అడిగాడు.

"మా బాబాయండీ."

"ఎన్నాళ్లుగా?"

"నేను నిక్కర్లు వేసుకున్నప్పటి నుంచీ."

పెద్దమనిషి మెత్తగానే చెప్పాడు. "మీ బాబాయిగారు ఎంత మంచివారైనా ఆ సంతకం చూసి నేను డబ్బు పెట్టలేనండీ. కంపెనీ విలువ సగం కుర్చీల్లో ఉంటే, మిగతా సగం ఆ కుర్చీలు ఉన్నాయని చెప్పే మనిషిలో ఉంటుంది. మీకు చుట్టం కానివాళ్లతో చూపించండి."

బాబాయి లెక్క చూసే పద్ధతి ఊరంతా మెచ్చుకునేంత సుఖంగా ఉండేది. ఏడాదికోసారి వచ్చి, ఉన్నవాటిలో మెత్తటి కుర్చీ చూసుకుని కూర్చుని, "అన్నీ ఉన్నాయట్రా?" అనేవాడు. "ఉన్నాయి బాబాయ్" అనేవాడు యజమాని. "నీ మాట మీద నాకు నమ్మకం" అని సంతకం పెట్టేవాడు. గడ్డు రోజుల్లో ఫీజు అడగలేదు సరికదా, ఇస్తే కోప్పడ్డాడు. అలాంటి బాబాయిని తప్పించాల్సి వచ్చినందుకు యజమాని వారం పాటు సరిగా అన్నం తినలేదు.

బాబాయి స్థానంలో వచ్చిన ఆడిటరమ్మ చిన్న వయసుదే. పగలు ఆడిట్లు చేస్తూ, మిగిలిన వేళల్లో విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తోంది. ఆడిట్ నాణ్యతను ఏయే అంశాలు పెంచుతాయి, ఏవి చెడగొడతాయి, వాటివల్ల కంపెనీ విలువ ఎలా మారుతుంది అన్నది ఆమె పరిశోధన. ఆ సంగతి ఆమె చెప్పకపోయినా తెలిసిపోతుంది. ఆ పొద్దున యజమాని భార్య ఎదురెళ్లి టీ ఇవ్వబోతే, "వద్దండీ, మొహమాటం టీతోనే మొదలవుతుంది" అంది. మంచినీళ్లు ఇవ్వబోతే సంచిలోంచి సొంత సీసా తీసి చూపించింది. ఫ్యాను వేస్తే లేచి కట్టేసింది.

"ఫ్యాను కూడానా మేడమ్?" అన్నాడు యజమాని బావమరిది.

"అది మీ కరెంటుతో తిరుగుతుంది కదండీ."

"ఆ లెక్కన మీరు నిలబడ్డ నేల కూడా మాదే."

"అందుకే తొందరగా ముగిద్దాం" అంది ఆడిటరమ్మ.

ఈ బావమరిది గురించి రెండు మాటలు చెప్పాలి. ఇంతవరకూ ఏ పని అప్పజెప్పినా సగంలో వదిలేశాడని అతనికి పేరు. అక్క మంచితనం, బావ మొహమాటం కలిసి అతన్ని ఫ్యాక్టరీలో నిలబెట్టాయి. ఆ ఉదయం మాత్రం ఆడిటరమ్మ చెప్పిన నియమాలు విని అతని కళ్లు మెరిశాయి. లెక్కపెట్టిన ప్రతి కుర్చీ అడుగునా నంబరున్న పచ్చ స్టిక్కర్ అతికించాలి. లెక్క ముగిసేదాకా ఏదీ చోటు మారకూడదు. స్టిక్కర్ పడ్డదేదీ ఆమె సంతకం లేకుండా గేటు దాటకూడదు.

"గేటు దగ్గర గట్టి మనిషి కావాలి. మొహమాటం ఉన్నచోట లెక్క చెడుతుందని మా పరిశోధనలో తేలింది" అంది ఆమె.

"నేనుంటాను" అన్నాడు బావమరిది.

యజమాని అనుమానంగా చూశాడు. "చూడు, నేనొచ్చి చెప్పినా సరే వదలకూడదు. తెలిసిందా?"

"నువ్వొచ్చి కాళ్ల మీద పడ్డా వదలను బావా."

లెక్క మొదలయ్యాక బాబాయి వచ్చాడు. పిలవలేదు, వచ్చాడు. గోదాము గుమ్మంలో చేతులు వెనక్కి కట్టుకుని, "నాకేం పని లేదు, ఇటుగా పోతూ ఆగాను" అన్నాడు. ఆయన ఇల్లు ఊరికి ఆ చివర. యజమాని భార్య ఆయన ముఖం చూడలేక, స్టిక్కర్ల చుట్ట చేతిలో పెట్టింది. "చిన్నమావయ్యగారూ, నేను కుర్చీ పైకెత్తి పడతాను. మీరు అడుగున అతికించండి. మీ చేత్తో అయితే నాకు ధైర్యం." ఆయన ముఖం వెలిగిపోయింది. చుట్టం స్టిక్కర్ అతికిస్తే నాణ్యత తగ్గుతుందా అని ఆడిటరమ్మ కాసేపు ఆలోచించి, నంబర్లు రాసుకునేది తానే కాబట్టి పర్వాలేదంది.

అన్నీ సవ్యంగానే నడిచాయి, ఒక్క కుర్చీ దగ్గర తప్ప. ఆడిటరమ్మ రెండు వందల పద్నాలుగు అని రాసుకుని ముందుకు కదిలింది. అదే సమయానికి కుట్టు విభాగంలో ఎవరో పిలిస్తే యజమాని భార్య అటు వెళ్లింది. బాబాయి ఒంటరిగా వంగబోయాడు, మోకాలు ఒప్పుకోలేదు. కుర్చీ ఎత్తబోయాడు, నడుము ఒప్పుకోలేదు. చివరికి చెయ్యి అందినచోట, అంటే కూర్చున్నవాళ్ల వీపు ఆనేచోట, స్టిక్కర్ని ఒక అంచు మాత్రం అంటించి, మిగతాది జిగురు బయటికి ఉండేలా వదిలేసి, ఆమె వచ్చాక అడుగుకి మార్పిద్దామనుకున్నాడు. ఆమె వచ్చేలోపు ఆ సంగతి మరిచిపోయాడు.

లెక్క మేడ మీదికి చేరింది. అక్కడ పాత సోఫాలు వరుసగా గుడ్డలు కప్పుకుని ఉన్నాయి. యజమాని తండ్రి హయాంలో తయారైనవి, సింహం కాళ్లవి, ఒక్కోటి ముగ్గురు మోస్తే కదిలేవి. లెక్కలో వాటికి నిండు ధర రాసి ఉంది. మర్నాడు పెద్దమనిషికి చూపించాల్సిన మొత్తం నిండుగా కనిపించాలంటే అవే ఆధారం.

ఆడిటరమ్మ గుడ్డ ఎత్తి చూసి, "ఇవి ఉన్నాయి, సరే. వీటిని ఎవరైనా కొంటారా?" అని అడిగింది.

ఇన్నేళ్లలో యజమానిని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేవాడో ఆయనకే తెలియదు. సోఫా ఎత్తడానికి సాయం వచ్చిన వడ్రంగులు ఇద్దరు పక్కనే నిలబడి ఉన్నారు. సగం జీతంతో నెట్టుకొస్తున్న మనుషులు. వాళ్ల ఎదురుగా అబద్ధం నోటిదాకా వచ్చి, అక్కడే ఆగిపోయింది.

"కొనరు మేడమ్" అన్నాడు. "తలుపుల్లో పట్టవు. ఏళ్ల నుంచీ ఒక్కటీ కదల్లేదు."

ఆమె ఆ వరుస ఎదురుగా సున్నా రాసింది. ఎంత గుండ్రంగా రాసిందో! యజమాని గోడ పట్టుకుని మేడ మెట్లు దిగాడు. రేపటి భాగస్వామి ఎటూ రాడు, ఇక మిగిలిన కుర్చీల లెక్కయినా సరిపోతే చాలుననుకున్నాడు.

అది కూడా సరిపోలేదు. ఆడిటరమ్మ నంబర్లన్నీ మళ్లీ సరిచూసుకుంటూ వచ్చి ఒకచోట ఆగింది. రెండు వందల పదమూడు ఉంది, పదిహేను ఉంది, మధ్యలో పద్నాలుగు లేదు. ఒక కుర్చీకి మాత్రం అసలు స్టిక్కరే లేదు.

"ఇదే అయ్యుంటుంది మేడమ్" అన్నాడు యజమాని ఆశగా.

"అయ్యుంటుంది అని రాయలేను కదండీ. ఇది మనం లెక్కపెట్టని కుర్చీ కావచ్చు. లెక్కపెట్టింది బయటికి పోయుండొచ్చు."

"నేనే అతికించానమ్మా!" అన్నాడు బాబాయి.

"ఎక్కడ అతికించారు?"

"కుర్చీకే! నా మొహానికి అతికించుకుంటానా?" అన్నాడాయన. కోపంగా మొదలైన మాట చివరికొచ్చేసరికి వణికింది. నలభై ఏళ్లలో ఒక్కరూ ఎదురు ప్రశ్న వేయని మనిషి ఆయన. యజమాని బాబాయి భుజం మీద చెయ్యి వేశాడు.

ఇంతలో అసలు కథ గేటు దగ్గర ముదురుతోంది. మర్నాడు రావలసిన పెద్దమనిషి ఆ రోజే వచ్చేశాడు. ఆయన అలవాటే అది. చెప్పిన రోజున వస్తే చూపించదలచుకున్నవే చూపిస్తారని ఆయన నమ్మకం. కారు వీధి మలుపులో ఆపి, నడుచుకుంటూ వచ్చి, గేటులోంచి నేరుగా లోపలికి వెళ్లాడు. లోపలికి వచ్చేవాళ్లను ఆపమని ఎవరూ చెప్పలేదు కాబట్టి బావమరిది తలెత్తి చూడలేదు. అప్పటికి అందరూ మేడ మీద సోఫాల దగ్గర ఉన్నారు. పెద్దమనిషి కింద గోదాములో అటూ ఇటూ తిరిగి, ఎత్తయిన వీపున్న కుర్చీ ఒకటి నచ్చి అందులో కూర్చున్నాడు. ఎన్నాళ్లుగానో వేధిస్తున్న నడుము నొప్పికి ఆ కుర్చీ హాయిగా ఉంది. ఒక్క కునుకు కూడా తీశాడు. తర్వాత సరుకు దగ్గరగా చూద్దామంటే కళ్లజోడు కారులో మరిచిపోయినట్టు గుర్తొచ్చి, లేచి గేటు వైపు నడిచాడు. కోటు వెనక పచ్చగా రెండు వందల పద్నాలుగు ఉన్నట్టు ఆయనకేం తెలుసు?

"ఆగండి సార్" అన్నాడు బావమరిది. "మీ మీద నంబరుంది."

"నా మీదా?"

"వీపు మీద. రెండు వందల పద్నాలుగు. లెక్కలో చేరిపోయారు. ఆడిటరమ్మ సంతకం లేకుండా బయటికి వెళ్లడం కుదరదు."

"ఏమయ్యా, నేను మనిషిని!"

"అది కనబడుతూనే ఉంది సార్. కానీ స్టిక్కర్ పడ్డదేదీ గేటు దాటకూడదన్నారు. మనుషులైతే వదిలెయ్యమని చెప్పలేదు."

"అయితే పీకి పారెయ్!"

"అమ్మో! పీకితే మీరు లెక్కలో తగ్గిపోతారు." బావమరిది కాస్త ఆలోచించి దారి చూపించాడు. "పోనీ ఆ కోటు ఇక్కడ పెట్టి వెళ్లండి. లెక్కలో ఉంది కోటే కదా."

పెద్దమనిషికి ఒళ్లు మండింది. "ఇది మా అమ్మాయి మొదటి జీతంతో కొనిచ్చిన కోటు. దీన్ని నీ గేటు దగ్గర వదిలేసి పోతానా? అసలు నేనెవరో తెలుసా నీకు?"

బావమరిది గబుక్కున రెండు చెవులూ మూసుకున్నాడు. "చెప్పకండి సార్, మీకు పుణ్యముంటుంది! తెలిస్తే నాకు మొహమాటం. మొహమాటం ఉన్నచోట లెక్క చెడుతుందట."

పెద్దమనిషి జీవితంలో ఈ మాట విన్నది అదే మొదటిసారి. బావమరిది గేటుకి తాళం వేసి, అటుగా పోతున్న రంగులు వేసే మనిషితో కబురు పంపాడు.

ఆ కబురు గోదాము చేరేసరికి ఇలా తయారైంది. "అయ్యగారూ, గేటు దగ్గర మీ బావమరిదిగారు ఒకణ్ణి పట్టుకున్నారు. రెండు వందల పద్నాలుగు వాడి దగ్గరే దొరికిందట!"

యజమాని ఎగిరి గంతేశాడు. "దొంగ! చూశారా మేడమ్, లెక్క తప్పలేదు, దొంగ పడ్డాడు. కుర్చీ దొరికిందా?"

"కుర్చీ లేదట. నంబరొక్కటే దొరికిందట."

"అంటే కుర్చీని గోడ దాటించి, నంబరు దగ్గర పెట్టుకున్నాడన్నమాట. వాణ్ణి కదలనివ్వొద్దని చెప్పు. కుర్చీ ఎక్కడ దాచాడో చెప్పేదాకా మంచినీళ్లు కూడా ఇవ్వొద్దు!"

"దొంగైతే దాహం వెయ్యదా ఏమిటి?" అంది ఆయన భార్య. పొద్దున ఆడిటరమ్మ తాగని టీ వేడిచేసి, కప్పులో పోసుకుని గేటు వైపు నడిచింది.

పెద్దమనిషి గేటు గదిలో ఒక కాలు కురచైన స్టూలు మీద ఊగుతూ కూర్చున్నాడు. కుర్చీల ఫ్యాక్టరీలో ఆ గదికి సరైన కుర్చీ లేకపోవడం ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదు. యజమాని భార్య టీ అందించి, ఆయన్ని పరీక్షగా చూసింది. నెరిసిన తల, మంచి కోటు. బతికి చెడ్డవాడిలా ఉన్నాడనుకుంది.

"ఈ వయసులో ఎందుకండీ ఈ పని? ఇంట్లో ఏమైనా ఇబ్బందా?"

పెద్దమనిషి టీ ఒక గుక్క తాగాడు. చాలాసేపటికి దొరికిన మంచి మాట అది. పాడుచేసుకోవాలనిపించలేదు. "ఇబ్బందులు ఎవరికి ఉండవమ్మా" అన్నాడు.

"అడిగితే మేమే ఇచ్చేవాళ్లం కదా. మేడ మీద సోఫాలున్నాయి, దేవుడిచ్చినా ఎవరూ తీసుకోరు. మా ఆయన వాటికి లెక్కలో నిండు ధర రాసుకున్నారు. ఆడిటరమ్మ అడిగితే ఉన్నమాట చెప్పెయ్యండి, ఆ డబ్బు మనది కాదు అని పొద్దున్నే చెప్పి పంపాను. ఏం చెప్పారో ఏమో."

"చెప్తే మీకే నష్టం కదమ్మా?"

"నష్టమేనండీ. రేపు ఎవరో పెద్దమనిషి వస్తున్నాడు. ఆయన పెట్టుబడి పెడితేనే ఈ ఫ్యాక్టరీ. కానీ ఆయన కూడా కష్టపడి సంపాదించుకున్నదే కదా? మా దగ్గర పనిచేసేవాళ్లు సగం జీతంతో ఏడాది లాగారు. మా చిన్నమావయ్యగారు పైసా తీసుకోకుండా లెక్కలు చూశారు. ఇంతమంది మంచితనం మీద బతుకుతున్న ఇల్లండీ మాది. అందుకే మీ మీద కేసు పెట్టడానికి కూడా నాకు మనసు రావట్లేదు. ఆ కుర్చీ ఎక్కడ పెట్టారో చెప్పెయ్యండి, నేను మా ఆయనకి సర్దిచెప్తాను."

పెద్దమనిషి కప్పు కిందపెట్టి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. కుర్చీ సంగతి మాత్రం చెప్పలేదు. ఆయనకు తెలిస్తే కదా!

అప్పుడే యజమాని కర్ర పట్టుకుని, వెనక ఆడిటరమ్మ, బాబాయి, సగం మంది పనివాళ్లతో గేటు గదిలోకి దూసుకొచ్చాడు. దొంగను చూశాడు. ఇంటర్నెట్టులో పెద్దమనిషి ఫోటోని ఆయన ఎన్నిసార్లు చూశాడంటే, నిద్రలో లేపి అడిగినా పోల్చుకోగలడు. కర్ర చేతిలోంచి జారింది.

"మీరా... సార్... రేపు కదా మీరు..." అని, బావమరిది వైపు తిరిగి, "గేటు తియ్యరా! తాళం తియ్యి!" అని అరిచాడు.

"నువ్వు చెప్పినా వదలకూడదని నువ్వే చెప్పావు బావా."

"ఇప్పుడు వదలమని కూడా నేనే చెప్తున్నాను!"

"అందుకే వదలను. నువ్వు ఇలా అంటావని పొద్దున నువ్వే అన్నావు."

యజమాని ఏడుపు ముఖంతో ఆడిటరమ్మ వైపు తిరిగాడు. "మేడమ్, ఒక్క సంతకం పెట్టండి. ఈయన వెళ్లాలి."

ఆమె తల అడ్డంగా ఊపింది. "నేను సంతకం పెట్టేది సరుకు బయటికి వెళ్లడానికండీ. ఈయన సరుకు కాదు. కానివాటికి సంతకం పెడితే అది దొంగ సంతకం అవుతుంది."

"సరుకు కాకపోతే నంబరెందుకుంది మేడమ్?" అన్నాడు బావమరిది.

"అది మంచి ప్రశ్న" అంది ఆమె.

అందరూ పెద్దమనిషి వీపు వైపు చూశారు. బాబాయి కళ్లజోడు సవరించుకుని ముందుకొచ్చి, ఆ పచ్చ కాగితాన్ని చూడగానే నుదురు కొట్టుకున్నాడు. "ఓరి నా మతిమరుపు మండా! మోకాలు వంగక నేనే పైన తగిలించాను. ఈయన వెళ్లి దానికి ఆనుకున్నట్టున్నారు."

దాంతో చిక్కు విడిపోయిందని యజమాని అనుకున్నాడు. ఆడిటరమ్మ అనుకోలేదు. ఏ కుర్చీకి ఆనుకున్నారో తేలాలి కదా? అలా ఆ పెద్దమనిషి, ఆ ఫ్యాక్టరీకి ప్రాణం పోయగలిగిన ఒకే ఒక్క మనిషి, గోదాములోకి తిరిగి నడిచి, వరుసలో ఒక్కో కుర్చీలో కూర్చుని లేవడం మొదలుపెట్టాడు. వెనక ఊరేగింపులా అందరూ నడిచారు. యజమాని మాత్రం కళ్లు మూసుకుని నడిచాడు. "ఇది కాదు." "ఇదీ కాదు." "ఇది కాస్త గట్టిగా ఉంది." స్టిక్కర్ లేని కుర్చీలో కూర్చోగానే పెద్దమనిషి వీపు ఆనించి, హాయిగా ఊపిరి వదిలాడు. "ఇదే. నా నడుము చెప్తోంది."

ఆడిటరమ్మ బట్ట మీద మిగిలిన జిగురు మరకను వేలితో తడిమి చూసి, కోటు మీది కాగితం అంచుతో సరిపోల్చి, అప్పుడు స్టిక్కర్ ఒలిచింది. కుర్చీ తిప్పి, తన చేత్తో అడుగున అతికించింది. లెక్క సరిపోయింది. కాగితం కింద సంతకం పెట్టింది. బావమరిది ఆ సంతకాన్ని రెండుసార్లు చూసి, పెద్దమనిషి వైపు తిరిగి, "ఇక మీరు వెళ్లొచ్చు సార్" అన్నాడు.

పెద్దమనిషి వెళ్లలేదు. కుర్చీలోంచి లేవనూ లేదు.

"మేడ మీద సోఫాలకి ఎంత రాశారు?" అని ఆడిటరమ్మను అడిగాడు.

"అది మీకు నేను చెప్పకూడదండీ. యజమానిగారు చెప్పాలి."

యజమాని ఒక అడుగు ముందుకు వేశాడు. భార్య ఆయన వైపే చూస్తోంది. "సున్నా అండీ" అన్నాడు. "అవి అమ్ముడుపోవు. నేనే చెప్పాను."

భార్య కళ్లలో ఒక్కసారిగా నీళ్లు తిరిగాయి. పెద్దమనిషి అది చూశాడు.

"ఇదివరకు ఒక కంపెనీలో డబ్బు పెట్టాను" అన్నాడు. "పేరున్న ఆడిటర్లు. రిపోర్టు ఎంత అందంగా ఉందంటే దాన్ని చదివి పొంగిపోయాను. గోదాము తెరిస్తే పెట్టెల్లో గాలి తప్ప ఏమీ లేదు. టీ తాగుతూ సంతకాలు పెట్టారట. ఇవాళ ఇక్కడ నేను మనిషినై ఉండి, నా సొంత కోటుతో గేటు దాటలేకపోయాను. కొత్తవాడినని తెలిసి కూడా ఈ అమ్మ నాకు నిజమే చెప్పింది. ఇంక నేను చూడాల్సిందేముంది? రేపటి దాకా ఎందుకు, కాగితాలు రాయించండి. ధర మాత్రం సున్నా వేశాక ఎంత తేలితే అంతే."

పనివాళ్ల వెనక వరుసలో ఎవరో చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ కొట్టారు. యజమాని పెద్దమనిషి చేతులు పట్టుకున్నాడు. మాట రాలేదు. ఆయన్ని వదిలి వడ్రంగుల దగ్గరికి వెళ్లాడు. వాళ్ల చేతులూ పట్టుకున్నాడు. వచ్చే నెల నుంచి నిండు జీతం అని చెప్పాలనుకున్నది వాళ్లకే అర్థమైపోయింది.

బాబాయి ఒక పక్కగా నిలబడి ఉంటే ఆడిటరమ్మ ఆయన దగ్గరికి వెళ్లింది. "మీ పాత సంతకాలన్నీ చూశానండీ. సోఫాల ధర తప్ప ఒక్కటీ తప్పు లేదు. కానీ తప్పు లేదని మీకెలా తెలిసిందో మాత్రం ఎక్కడా కనబడలేదు."

"వాడి మొహం చూస్తే తెలిసేదమ్మా" అన్నాడు బాబాయి.

"ఆ మొహం అందరికీ మీరు చూసినట్టు కనబడదు కదండీ."

బాబాయి ఆ మాట తిప్పి తిప్పి ఆలోచించి, తల ఊపాడు. "నిజమే. నేను వాణ్ణి చూశాను గానీ, కుర్చీల్ని చూడలేదు." చెప్పాక ఆయన గుండె తేలికపడింది. అన్న కొడుకు నిజంగానే అబద్ధమాడనివాడని తేలినందుకు ఇంకా తేలికపడింది.

ఆ తర్వాత అన్నీ చకచకా జరిగాయి. ఆడిటరమ్మ నివేదిక పూర్తిచేసింది, పెద్దమనిషి భాగస్వామి అయ్యాడు, మిషన్లు బాగయ్యాయి, నిండు జీతాలు వచ్చాయి. ఇంత మేలు జరిగాక ఊరుకుంటే మనుషులెలా అవుతాం అనుకుని, ఒక సాయంత్రం అందరూ కలిసి ఆడిటరమ్మ ఆఫీసుకి వెళ్లారు. చేతుల్లో ఏమీ లేవు. పండు తెచ్చినా పుచ్చుకోదని వాళ్లకు తెలుసు. మాటలకు అడ్డేముంది? ఒక్కొక్కరే చెప్పారు. మా పిల్లవాణ్ణి బడి మాన్పించాల్సిన పని తప్పింది మేడమ్, అని కుట్టుపనివాడు చెప్పాడు. నా జన్మలో ఒక పని పూర్తిచేయగలనని మీవల్లే తెలిసింది, అన్నాడు బావమరిది. యజమాని భార్య దగ్గరికెళ్లి కౌగిలించుకుంది. "నాకు కూతురు లేదమ్మా. ఉంటే నీలాగే నన్ను నిలదీసేది" అన్నాడు బాబాయి.

ఆడిటరమ్మ అన్నీ వింది. మధ్యలో ఒకసారి కళ్లజోడు తీసి తుడుచుకుంది. అందరూ అయ్యాక సొరుగులోంచి తెల్ల కాగితం తీసి, నాలుగు వాక్యాలు రాసి యజమాని చేతికిచ్చింది.

"వచ్చే ఏడాది మీకు ఆడిటర్‌గా ఉండలేనండీ."

"అయ్యో, మావల్ల ఏం పొరపాటు జరిగింది మేడమ్?"

"థాంక్స్ చెప్పారు." ఆమె పెన్నుకి మూత పెట్టింది. "రేపు మీ గోదాములో ఒక కుర్చీ తగ్గితే, మొట్టమొదట మిమ్మల్ని అనుమానించాలి నేను. ఇంత విన్నాక నావల్ల కాదు. మీరంటే నాకు ఇష్టం ఏర్పడింది."

ఈ సంగతి తెలిసి పెద్దమనిషి మండిపడతాడనుకుంటే, ఆయన ఆ రాజీనామా ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, మడిచి, కోటు లోపలి జేబులో భద్రంగా పెట్టుకున్నాడు. ఇంత మంచి ఆడిట్ రిపోర్టు తానింతవరకూ చదవలేదన్నాడు.

ప్రస్తుతం ఆ ఫ్యాక్టరీ కొత్త ఆడిటర్ కోసం వెతుకుతోంది. వచ్చినవాళ్లలో ఒకాయన ఇంటిల్లిపాదికీ మొదటి చూపులోనే బొత్తిగా నచ్చలేదు కాబట్టి, ఆయన్నే ఖాయం చేసే ఆలోచనలో ఉన్నారు.